తెరిచి ఉంచిన తలుపు

ఫోను మళ్ళీ మోగింది. వంటింట్లో ముగ్గురున్నారు. ఒక్కరూ లేవలేదు.

బల్ల మీద ఉల్లిపాయల రొట్టె చల్లారిపోతోంది. దాని పక్కన అట్టమొహం పడి ఉంది. పండగకి వేసే ముసలి అత్తయ్య వేషపు ముసుగు అది. గద్దముక్కు, బిగించిన పెదవులు, బుగ్గ మీద పులిపిరి, నెత్తిన నల్ల లేసు టోపీ. చెవి దగ్గర్నుంచి గడ్డం దాకా చిరిగిపోయి లోపలి తీగ బయటికి పొడుచుకొచ్చింది. ఆ తీగే లీన్‌హార్డ్ గీజిన్ అరచేతిని కోసింది. ఆయన చేతికి రుమాలు చుట్టుకుని, ఆ మొహాన్ని చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

ఎదురుగా కూతురు రేగులా కూర్చుని ఉంది. ఇంకా ఆ అత్తయ్య గౌనులోనే ఉంది, నల్ల చేతితొడుగులు కూడా తీయలేదు. కింద డెబ్బై ఏళ్ళ ముసలిదాని బట్టలు, పైన ఇరవై ఏళ్ళ పిల్ల మొహం. చెంప మీద సన్నటి ఎర్రగీత. జుట్టులో రంగు కాగితపు ముక్కలు అలాగే ఉన్నాయి.

ఎల్స్‌బెత్ పొయ్యి దగ్గర పిండి వేయిస్తోంది. ముసుగుల పండగ మూడు రోజులూ మా బాసెల్‌లో ఏ ఇంట చూసినా ఆ వేయించిన పిండి సూపే. కలపడం ఆపితే మాడిపోతుంది. అందుకని ఆవిడ కలుపుతూనే ఉంది. భర్త వైపూ కూతురి వైపూ తిరక్కుండా ఉండటానికి అంతకన్నా మంచి సాకు ఎవరికీ దొరకదు.

గంట కిందట స్పాలెన్‌బెర్గ్ సందులో ఏం జరిగిందో అప్పటికే సగం ఊరికి తెలుసు. మిగతా సగానికి చీకటి పడేలోపు తెలుస్తుంది.

ఈ మూడు రోజులూ ముసుగు వేసుకున్న మనిషి నోటికి మా ఊళ్ళో తాళం లేదు. గొంతు మార్చి, ఎవరి ఎదుటైనా నిలబడి, ఏడాదంతా కడుపులో దాచుకున్నది కక్కేయొచ్చు. బ్యాంకు యజమానిని నడివీధిలో ఆపి అతని ప్రియురాలి క్షేమం అడగొచ్చు. విన్నవాడు నవ్వాలి. నవ్వు రాకపోతే నవ్వినట్టు నటించాలి. ముసుగు మీద మాత్రం చెయ్యి వేయకూడదు. హత్య చేసినవాడికైనా వకీలు దొరుకుతాడు గాని, ముసుగు పీకినవాడికి మా ఊళ్ళో పలకరించే మనిషి దొరకడు.

నటనే బతుకుగా ఉన్న లీన్‌హార్డ్ ఆ ఒక్క నవ్వూ నటించలేకపోయాడు.

చూసినవాళ్ళంతా ఒకటే చెబుతున్నారు. ముసలి అత్తయ్య ఒకావిడ ఎదురై కీచుగొంతుతో ఏదో అందట. గీజిన్ మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయిందట. ఆవిడ రెండో మాట అనేసరికి అట్టమొహం పట్టుకుని ఒక్క గుంజు గుంజాడట. ఆవిడ ఏప్రన్ ఎత్తి మొహం కప్పుకుని జనంలో కలిసిపోయిందట. ఆ సందులో డోళ్ళు ఆగిపోయాయి. ఫ్లూటు వాయించే పిల్లలు నోటి దగ్గర్నుంచి ఫ్లూట్లు దించేశారు. పండగలో డోలు మధ్యలో ఆగడం నేను నా జన్మలో వినలేదు.

ఆ అత్తయ్య ఎవరో ఊళ్ళో ఎవరూ చూడలేదు. గీజిన్ ఒక్కడే చూశాడు. చూసి గోడకి ఆనుకుపోయాడు. తర్వాత ఇంటికొచ్చాడు. ఆయన కంటే ముందే రేగులా వచ్చి ఈ కుర్చీలో కూర్చుని ఉంది. అప్పట్నుంచి ఇద్దరూ ఒక్క మాట కూడా అనుకోలేదు.

ఫోను ఆగి, మళ్ళీ మొదలెట్టింది. చివరికి లీన్‌హార్డే లేచి నడవాలోకి వెళ్ళాడు.

అవతల నాటకశాల అధికారి చుడిన్ గారు. నెమ్మదైన మనిషి. పదిహేనేళ్ళుగా ఏ నాటకశాలా గడప తొక్కనివ్వని లీన్‌హార్డ్‌ని పిలిచి, ఎల్లుండి గురువారం తెర లేవబోయే నాటకంలో ముసలి న్యాయమూర్తి వేషం ఇచ్చినవాడు ఆయనే. అందుకు ఆయన్ని తిట్టినవాళ్ళున్నారు. బెర్లిన్‌లో అయిదేళ్ళు సినిమాల్లో వెలిగి, యూదుల్ని వేటాడిన అక్కడి పాలకుల విందుల్లో గ్లాసు పట్టుకుని ఫోటోలు దిగినవాడికి మన వేదికా అని అడిగినవాళ్ళున్నారు. ఆ ఫోటోలు లీన్‌హార్డ్ కంటే ముందే ఊరు చేరాయి. యుద్ధం ముగిశాక ఆయనకు మిగిలిన పనల్లా రేడియోలో వాతావరణం చదవడం, సూపు పొడి ప్రకటనలకు గొంతు ఇవ్వడం, సాయంత్రాలు రైన్ ఒడ్డున సారాకొట్లో కూర్చోవడం.

"గీజిన్ గారూ, బెర్లిన్ సంగతి ఎలాగో దిగమింగాం. ఇది మాత్రం మింగుడు పడటం లేదండీ" అన్నాడు చుడిన్ గారు.

లీన్‌హార్డ్ ఏదో అనబోయాడు. చుడిన్ గారు వినిపించుకోలేదు. జనం టిక్కెట్లు వెనక్కి ఇచ్చేస్తున్నారనీ, తోటి నటులే ఆయన పక్కన నిలబడం అంటున్నారనీ చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఆ ముసుగు మనిషి ఎవరో నేను అడగను. అడక్కూడదు కూడా. కానీ ఆవిడే ముసుగుతోనే వచ్చి, నాటకశాల మెట్ల మీద నిలబడి, నాకు పట్టింపు లేదని ఒక్క మాట అంటే చాలు. ఊరు ఊరుకుంటుంది. ఇవాళ దీపాలు పెట్టేలోపు అనాలి. లేదంటే మీ వేషం ఇంకొకరికి పోతుంది, నేనేం చెయ్యలేను."

లీన్‌హార్డ్ వంటింట్లోకి తిరిగి వచ్చేసరికి మొహంలో కాస్త రక్తం కనబడింది. మునిగేవాడికి గడ్డిపోచ దొరికింది. అదీ సొంత ఇంట్లోనే దొరికింది. ఊరంతా వెతికినా దొరకని ముసలి అత్తయ్య తన వంటింట్లో కూర్చుని ఉంది కదా.

ఆయన కుర్చీ కూతురి దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. చుడిన్ గారు అన్నదంతా చెప్పాడు. అట్టమొహాన్ని కాస్త అతికిస్తే సరిపోతుందనీ, అమ్మ చేతిలో అదెంత పననీ అన్నాడు. వెళ్ళి ఒక్క మాట చెప్పి వచ్చేయమన్నాడు.

"చెంప మీద తీగ గీసుకుంది నాన్నా" అంది రేగులా.

"చూశాను."

"చూశావు గాని అడగలేదు."

"తప్పే తల్లీ. చెయ్యి ఊరుకోలేదు. గురువారం కోసం నేను ఎన్నేళ్ళు చూశానో నీకు తెలుసు. అది పోతే ఇంక నాకు మిగిలేది ఏమీ లేదు."

"వెళ్తాను. కానీ ఒకటి చెప్పు. ఆ మాటల్లో ఏముంది?"

"ఏ మాటల్లో?"

"ఒక పొడుగు, రెండు పొట్టి. తలుపు వెనక ఎవరున్నారు లీన్‌హార్డ్?"

రేగులా కీచుగొంతు పెట్టలేదు. మామూలు గొంతుతోనే అంది. అయినా ఆయన కుర్చీ వెనక్కి జరిగింది.

"నేను అది ఎవరో పాత ప్రియురాలి గంట అనుకున్నాను" అంది ఆ పిల్ల. "బెర్లిన్‌లో ఎవరో ఉండేది కాబోలు, నాన్న తలుపు తీయకుండా దాక్కున్నాడు కాబోలు అనుకున్నాను. నువ్వు ఎర్రబడి, నవ్వి, నాకు ద్రాక్షసారా పోయిస్తావనుకున్నాను. నువ్వు నన్ను పాముని చూసినట్టు చూశావు."

"నీకెవరు చెప్పారు అవి?"

రేగులా తల్లి వీపు వైపు చూసింది.

పొయ్యి దగ్గర గరిటె ఆగిపోయింది. కాసేపటికి మాడువాసన వచ్చింది. ఎల్స్‌బెత్ గిన్నె దించి, మాడిన పిండిని తొట్టిలో పారబోసి, నీళ్ళు తిప్పింది. చెయ్యి తుడుచుకుంది. అప్పుడు గాని ఇటు తిరగలేదు.

లీన్‌హార్డ్ బెర్లిన్‌లో ఉన్నంత కాలం ఆవిడ పసిపిల్లతో ఇక్కడే ఉంది. ఆయన తిరిగొచ్చాక కూడా ఈ ఇంటిని నడిపింది ఆవిడ అట్టమొహాలే. వెబెర్‌గాసె వీధిలో చిన్న పనిగది, అచ్చులు, జిగురు, రంగులు. మా ఊళ్ళో సగం డోలు జట్లు ఆవిడ చేసిన మొహాలే పెట్టుకుంటాయి. ఎన్నిసార్లు కడిగినా ఆవిడ చేతుల నుంచి జిగురు వాసన పోదు. భర్తని ఊరు వెలేసినప్పుడు ఎవరితోనూ వాదించలేదు. మొహాలకు రంగులు వేసుకుంటూ కూర్చుంది.

"ఆ గంట సంగతి నాకూ వాడికీ తప్ప ఎవరికీ తెలియదు" అన్నాడు లీన్‌హార్డ్.

"ఎవరికి?" అంది ఎల్స్‌బెత్.

"యూలియస్‌కి. వాడు పోయాడు. నీకెవరు చెప్పారు?"

యూలియస్ బ్లాంక్ పేరు ఆ ఇంట్లో కొత్తది కాదు. నిజానికి మా ఊళ్ళోనే కొత్తది కాదు. కిందటి శరదృతువులో ఒక పత్రిక లీన్‌హార్డ్ చేత ఆ కథ చెప్పించింది. యూలియస్ ఆయనకు ప్రాణస్నేహితుడు, యూదు నటుడు. ఇద్దరిదీ ఒకే పోలిక. నా స్విస్ పాస్‌పోర్టు ఇస్తాను, నా పేరుతో సరిహద్దు దాటిపో అన్నాడట లీన్‌హార్డ్. అనుకున్న రోజున పాస్‌పోర్టు బల్ల మీద పెట్టి, తలుపు బార్లా తెరిచి, తెల్లవార్లూ కూర్చున్నాడట. యూలియస్ రాలేదు. ఆ తర్వాత అతన్ని చూసినవాళ్ళు లేరు.

ఆ తెరిచి ఉంచిన తలుపు చదివి ఊరు కరిగింది. విందుల ఫోటోలు అటకెక్కాయి. చుడిన్ గారు పత్రిక మడిచి జేబులో పెట్టుకుని, ఈ ఇంటి మెట్లెక్కి వచ్చి, వేషం ఇచ్చాడు. లీన్‌హార్డ్ కొత్త బతుకంతా ఆ తలుపు మీదే నిలబడి ఉంది.

ఎల్స్‌బెత్ నోరు తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో అనకుండా మానేసిన మాటలు అన్నీ ఒకేసారి గుమ్మానికి అడ్డం పడ్డాయి.

చివరికి ఆవిడ బల్ల మీది అట్టమొహం తీసుకుంది. చిరిగినచోట అలవాటుగా బొటనవేలితో అదిమింది. తల మీదుగా తొడుక్కుంది. చిరుగులోంచి సొంత చెవి, కాస్త బుగ్గ కనబడుతున్నాయి.

"అమ్మా, ఏం చేస్తున్నావు?" అంది రేగులా.

"ఇవాళ పండగే కదే పిల్లా. ఇంట్లో మాత్రం పండగ కాదా?" అంది ముసలి అత్తయ్య. అది ఎల్స్‌బెత్ గొంతు కాదు. సన్నగా, ముక్కులోంచి వస్తోంది. "ఏం నాయనా లీన్‌హార్డ్, కులాసాయేనా? గురువారం పెద్ద వేషమటగా. న్యాయమూర్తివటగా."

లీన్‌హార్డ్ లేవబోయాడు.

"కూర్చో నాయనా. ముసుగు మీద ఒకసారి చెయ్యి వేశావు, చాలు. తెరిచిన తలుపు కథ భలే చెప్పావు సుమీ. మా వీధి వీధంతా ముక్కు చీదింది. ఒక్కడే ఏడవలేదు."

"ఎవరు?" అంది రేగులా. తండ్రి అడగలేదు.

"స్ట్రాస్‌బుర్గ్‌లో కళ్ళజోళ్ళు అమ్ముకుంటాడు. పత్రిక కొట్టు దాకా వచ్చింది. చదువుకున్నాడు. చదువుకుని, జనవరిలో రైలెక్కి మా ఎల్స్‌బెత్ పనిగదికి వచ్చాడు. మొహం ఏమైనా కావాలా అంటే వద్దన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. గంట ఒక పొడుగు, రెండు పొట్టి నొక్కాను అమ్మా, అది మా ఇద్దరి గుర్తు అన్నాడు. ఒకసారి నొక్కాడట. రెండోసారి నొక్కాడట. తలుపు మూసే ఉందట. తలుపు కింద సందులో వెలుతురు ఉందట. ఆ వెలుతుర్లో నీ చెప్పుల నీడ ఉందట నాయనా."

పండగ నియమం ప్రకారం లీన్‌హార్డ్ నవ్వాలి. ఆయన నిజంగానే ప్రయత్నించాడు. పెదవులు విడదీశాడు, పళ్ళు కనబడ్డాయి. రేగులా ఆ నవ్వు చూడలేక తల తిప్పుకుంది.

"మూడోసారి కూడా నొక్కాడట" అంది ముసలి అత్తయ్య. "నీడ కదల్లేదట. అప్పుడు మెట్లు దిగి వెళ్ళిపోయాడట."

వీధిలోంచి ఏదో డోలు జట్టు పోతోంది. మంగళవారం పిల్లల రోజు. చిన్న డోళ్ళ చప్పుడు కిటికీ కింద దాటి, మలుపు తిరిగి, సన్నగిల్లింది.

"నాన్నా, నువ్వు ఇంట్లోనే ఉన్నావా?" అంది రేగులా.

"కింద వీధిలో కారు ఉంది" అన్నాడు లీన్‌హార్డ్. "రహస్య పోలీసుల కారు. తలుపు తీస్తే ఇద్దరం పోయేవాళ్ళం. సోమవారం షూటింగు మొదలు. నా పేరు మొట్టమొదటిసారి పైన వేస్తున్నారు. నీకు తెలియదు అప్పటి రోజులు."

"కారు ఉందా?"

ఆయన అరచేతి రుమాలు విప్పి, మళ్ళీ చుట్టుకున్నాడు.

"కారు ఉందని తర్వాత అనుకున్నాను" అన్నాడు.

రేగులా నల్ల చేతితొడుగులు ఒక్కొక్కటే లాగి బల్ల మీద పెట్టింది. ఆ పిల్ల చిన్నప్పుడు బళ్ళో ఆ తలుపు మీద వ్యాసం రాసింది. పంతులమ్మ దాన్ని తరగతిలో చదివించింది. మీ నాన్న విందుల ఫోటోలు చూశామని ఏడిపించే పిల్లలు ఆ రోజు నోరు మూసుకున్నారు. మా నాన్న తెల్లవార్లూ తలుపు తెరిచి కూర్చున్నాడని ఆ పిల్ల ఎన్ని దెబ్బలాటల్లో చెప్పిందో లెక్క లేదు. ఇప్పుడు ఆ దెబ్బలాటలన్నీ తను ఓడిపోయినట్టయింది.

"నాకు ఆరేళ్ళప్పుడు మొదటిసారి చెప్పావు" అంది. "మంచం పక్కన కూర్చుని చెప్పావు. నువ్వూ ఏడ్చావు నాన్నా."

"ఆ ఏడుపు నిజమే తల్లీ."

"అదే నాకు భయంగా ఉంది."

లీన్‌హార్డ్ అట్టమొహం వైపు చూశాడు. అప్పుడు గాని ఆయన బుర్రకి అసలు సంగతి ఎక్కలేదు. స్ట్రాస్‌బుర్గ్‌లో కళ్ళజోళ్ళు అమ్ముకుంటున్నాడు అంటే యూలియస్ బతికే ఉన్నాడు. ఆయన మొహం వెలిగింది. అది నటన కాదు, నేను ప్రమాణం చేసి చెప్పగలను. పదిహేడేళ్ళుగా మోసిన శవం లేచి కూర్చుంటే ఎవరి మొహమైనా వెలుగుతుంది. కానీ ఆ వెలుగు ఎంతోసేపు నిలవలేదు. గురువారం గుర్తొచ్చింది.

"పత్రికకి చెబుతాడా?" అన్నాడు.

ఎల్స్‌బెత్ అట్టమొహం తీసేసింది. నుదుటి మీద తీగ వత్తుకున్న గుర్తు పడింది. ఇప్పుడు మాట్లాడింది ఆవిడ సొంత గొంతే, కాస్త బొంగురుగా.

"బతికే ఉన్నాడని తెలిసి నువ్వు అడిగిన మొదటి మాట ఇది. ఎలా ఉన్నాడని అడగలేదు. ఎలా బతికాడని అడగలేదు."

లీన్‌హార్డ్ తల దించుకున్నాడు.

బట్టలుతికే ఆవిడ ఒకర్తె తన నేలమాళిగలో దాచిందనీ, యుద్ధం అయ్యేదాకా అక్కడే ఉన్నాడనీ, వేదిక మీదికి మళ్ళీ వెళ్ళలేకపోయాడనీ ఎల్స్‌బెత్ చెప్పింది. అతను ఆవిడ దగ్గర ఏమీ అడగలేదు. ఊరికి చెబుతాననీ అనలేదు, చెప్పననీ అనలేదు. ఆ కథలో నేను రాలేదని ఉంది, నేను వచ్చాను, ఆ ఒక్క ముక్కా సరిచేస్తే చాలు అన్నాడు. ఆ ముక్క మీరు చెప్పకండి, లీన్‌హార్డ్‌తోనే మాట్లాడతాను, పండగకి వస్తాను అన్నాడు. వెళ్ళబోతూ గోడకి వేలాడే మొహాలన్నీ ఒకసారి చూసి, మీ చేతిపని బాగుంది అన్నాడు.

"జనవరి నుంచి నీ నోట్లో ఈ మాట ఉందా?" అన్నాడు లీన్‌హార్డ్. "నా పక్కన కూర్చుని తింటూ, నా పాఠం వల్లె వేయిస్తూ..."

"ఉంది. రోజూ ఉంది. నువ్వు న్యాయమూర్తి మాటలు అంటుంటే పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. నోరు పెగల్లేదు. అందుకే మొహం చేశాను. నేనే పెట్టుకుందామనుకున్నాను. నా నడక నువ్వు వంద గజాల నుంచి పట్టేస్తావు. అందుకని దీనికి నేర్పాను." కూతురి వైపు చూసింది. "నీకు ఏమీ చెప్పకుండా పంపాను. అది నా తప్పే రేగులా. ముసుగు మాట కదా, నవ్వేసి, ఇంటికొచ్చి, గొళ్ళెం పెట్టి, ఎల్స్‌బెత్ ఇది నీకెలా తెలుసని అడుగుతాడనుకున్నాను. అప్పుడు నెమ్మదిగా చెబుదామనుకున్నాను. ఈయన బాసెల్‌లో పుట్టినవాడు. ముసుగు మీద చెయ్యి వేస్తాడని కలలో కూడా అనుకోలేదు."

రేగులా లేచి నిలబడింది. అత్తయ్య గౌను నేల మీద జీరాడుతోంది.

"చుడిన్ గారి మెట్ల మీద నిలబడి నాకు పట్టింపు లేదని నేను చెప్పాలి. అంతేనా నాన్నా?"

లీన్‌హార్డ్ కళ్ళెత్తాడు. ఆ కళ్ళలో ఆశ ఇంకా ఉంది. అంత జరిగాక కూడా ఉంది.

"నాకు పట్టింపు ఉంది" అంది రేగులా. "అమ్మా, ఆయన పండగకి ఏ రోజు వస్తానన్నాడు?"

"మంగళవారం. దీపాలు పెట్టేవేళకి."

ముగ్గురూ కిటికీ వైపు చూశారు. ఎదురింటి మేడ మీద దీపం వెలిగి ఉంది.

అప్పుడు గుమ్మం గంట మోగింది. పొడుగ్గా ఒకటి. ఆగి, చిన్నవి రెండు.

లీన్‌హార్డ్ లేచాడు. లేచిన మనిషి రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి, ఎల్స్‌బెత్ ముందు చెయ్యి చాచాడు.

"అది ఇలా ఇవ్వు."

"ఏది?"

"ఆ మొహం. పండగే కదా. అది పెట్టుకుని తీస్తాను. దాంతో అయితే మాట్లాడగలను."

కాస్త ముందు ఎల్స్‌బెత్ చేసింది కూడా అదే. అట్టమొహం చేతిలో అటూ ఇటూ కదిలింది. ఇచ్చేసేదేమో కూడా. రేగులా మధ్యలోకి వచ్చి దాన్ని లాక్కుని గుండెకి అదుముకుంది.

"పదిహేడేళ్ళ కిందట ఆయన నీ చెప్పుల నీడ చూసి వెళ్ళాడు నాన్నా. ఇవాళైనా మొహం చూడనీ."

గంట రెండోసారి మోగింది. అలాగే, ఒక పొడుగు, రెండు పొట్టి. ఈసారి కాస్త నెమ్మదిగా.

లీన్‌హార్డ్ నడవాలోకి వెళ్ళాడు. తల్లీ కూతుళ్ళు వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. తలుపు దగ్గరికి చేరి, ఆయన రుమాలు చుట్టిన చెయ్యి గొళ్ళెం మీద వేశాడు. నెత్తి మీద నడవా దీపం వెలుగుతోంది. ఆయన కిందికి చూసుకున్నాడు. కాళ్ళకి ఇంట్లో తొడుక్కునే ఉన్ని చెప్పులు. వాటి నీడ తలుపు కింది సందులోంచి అవతలికి పోతోంది.

అవతల ఎవరో చిన్నగా దగ్గారు.

మొదటి మాట ఏమిటి? నటుడికి మొదటి మాట దొరికితే మిగతావి వాటంతటవే వస్తాయి. క్షమించు అనాలా, రా అనాలా, యూలియస్ అనాలా? ఆయన పెదవులు ఒక్కొక్క మాటనే చప్పుడు లేకుండా పలికి చూసుకుంటున్నాయి. ఏదీ నప్పలేదు. ఇంకా ఒక మోత మిగిలి ఉంది. నాటకశాలలో అయినా మూడో గంట మోగాకే తెర లేస్తుంది. ఆ రోజు బెర్లిన్‌లో కూడా వాడు మూడుసార్లు నొక్కాడు. మూడోది మోగనీ, తీసేస్తాను అనుకున్నాడు. ఈసారి తప్పకుండా తీస్తాను అనుకున్నాడు. వేళ్ళు గొళ్ళేన్ని గట్టిగా పట్టుకున్నాయి.

మూడో గంట మోగలేదు.

తలుపు అవతల చెక్క మెట్టు ఒకటి కిర్రుమంది. దాని కిందది కూడా.

"నాన్నా, ఆయన దిగిపోతున్నాడు" అంది రేగులా.